సస్క్వెహానా నదిలో కయాక్‌ చేపల వేట – 4వ పాఠం: లంగరు లేకుండా నిలవడం

మూడో పాఠం చదివి, అమెరికాలోని పెన్సిల్వేనియాలో పారే ఈ నదిలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) మీద దిగినవారి ఉత్తరాలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. చేప కనిపించిన చోట ఆగడానికి లంగరు వేశారు, కయాక్ ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు పైకెక్కాయి. ఇద్దరి గాలం రాడ్లు నదిపాలయ్యాయి. ఒకరు బోల్తా పడి ఎలాగో ఒడ్డు చేరారు. ఆయన లైఫ్ జాకెట్ తొడుక్కున్నారు కాబట్టే ఆ ఉత్తరం నాకు అందింది. ఎరల ఎంపిక తర్వాత చూద్దాం. ముందు నిలవడం నేర్చుకోవాలి.

లంగరు తాడును చేతికందే పక్క పిడికి కట్టడం ఎవరికైనా సులువే. నిశ్చలమైన చెరువులో అది చెల్లుతుంది. పారే నీటిలో మాత్రం తాడు బిగుసుకోగానే కయాక్ ప్రవాహానికి అడ్డం తిరుగుతుంది. ఎగువ అంచును తాడు కిందికి లాగుతుంది, అదే అంచు మీదికి నీరు ఎక్కుతుంది, ఎక్కిన నీటి బరువు దాన్ని ఇంకా ముంచుతుంది. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అప్పుడు విప్పుదామన్నా బిగిసిన ముడి వేళ్లకు లొంగదు.

“నేను వేసింది చిన్న లంగరే” అని ఒకరు రాశారు. బరువుతో పని లేదు, ప్రమాదమంతా పట్టులోనే ఉంది. డంకనన్ దగ్గర జూనియాటా నది కలిసిన చోటు నుంచి హారిస్‌బర్గ్ దాకా నదికి అడ్డంగా రాతి గట్లు పరుచుకుని ఉన్నాయి. వాటి పగుళ్లలో 3 పౌండ్ల లంగరు ఇరుక్కున్నా ఊడిరాదు. “నడుములోతే కదా” అని మరొకరు. పారే నీటిలో పడ్డాక అసలు లేచి నిలబడకూడదు. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు చాపి, నీరు నెమ్మదించే దాకా పోవాలి. “మరి వెనక కొసకు కడితే?” అలా కట్టి, ఒక్కసారి లాగితే తాడు ఊడిపోయే ఏర్పాటు చేసుకుని, కత్తి చేతికందేలా ఉంచుకునే అనుభవజ్ఞులు ఉన్నారు. నేను మాత్రం నదికి లంగరు తీసుకెళ్లను. మీరూ తీసుకెళ్లవద్దు.

నిలిచే చోట్లు నదిలోనే ఉన్నాయి. నీటిపైకి తేలిన పెద్ద బండ దగ్గర ప్రవాహం రెండుగా చీలుతుంది, దాని వెనక నీరు ఎగువకు మళ్లుతుంది. దాన్నే ఎడ్డీ అంటారు. నురగ, ఆకులు దిగువకు పోకుండా అక్కడే తిరుగుతుంటాయి. నేను ముందు వెతికేది ఆ నురగనే. ప్రవాహానికీ ఎడ్డీకీ మధ్య స్పష్టమైన హద్దు కనిపిస్తుంది. బండకు వీలైనంత దగ్గరగా, కయాక్ ముక్కును ఏటవాలుగా పెట్టి, ఆ హద్దును జోరుగా దాటండి. భయపడి తెడ్డు ఆపితే హద్దు మీదే గిరగిరా తిరుగుతారు. ముక్కు లోపలికి వెళ్లగానే కయాక్ ఎగువకు తిరుగుతుంది. సైకిల్ మలుపులో ఒరిగినట్టు, తిరిగే వైపుకే ఒరగాలి. బయటికి వచ్చేటప్పుడు ముక్కు ఎగువకే ఉంచి హద్దు దాటి, దిగువ వైపు ఒరగండి.

స్మాల్‌మౌత్ బాస్ అనే చేప సాధారణంగా ఆ హద్దుకు లోపలి అంచున, నిదానమైన నీటిలో, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి ఉంటుంది. నీటివాలుకు కొట్టుకొచ్చే చిన్న చేపలు, పీత డెక్కలతో రొయ్యలా కనిపించే క్రేఫిష్ దాని తిండి. అందుకే చేప ఉన్న ఎడ్డీలోకి దూరకండి. దానికి దిగువనున్న ఎడ్డీలో ఆగి, ఎగువకు విసరండి. మూడున్నర అంగుళాల ట్యూబ్ (బోలుగా ఉండే మెత్తని ప్లాస్టిక్ ఎర), ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, ఎనిమిదో వంతు ఔన్సు బరువున్న కొక్కెపు తల: వేసవి అంతా నాకు ఇదే చాలు. ఎర అడుగు రాళ్లను తడుముతూ తనంతట తానే రావాలి. వదులైన దారం చుట్టుకోవడానికే రీలు తిప్పండి. మూడేసి కొక్కేలున్న ఎరలు కయాక్‌లో నాకు గిట్టవు. ఒడిలో ఎగిరెగిరి పడే చేపతోపాటు ఆ కొక్కేలూ ఎగురుతాయి.

కూర వండుకోవచ్చా అని చాలామంది అడిగారు. నదిలోని ఈ భాగంలో పట్టిన బాస్‌ను వెంటనే వదలాలన్నది పెన్సిల్వేనియా నియమం. తడిచేత్తో పట్టుకుని, నీటిలోనే కొక్కెం తీసి వదిలేయండి.

అభ్యాసం: రాడ్డు ఇంట్లో పెట్టి, తోడుగా ఒకరిని తీసుకుని వెళ్లండి. హారిస్‌బర్గ్ గేజిలో నీటిమట్టం 4 అడుగుల లోపు ఉన్న రోజు, నగరానికి బాగా ఎగువన దిగండి. నగరం దగ్గరి డాక్ స్ట్రీట్ డ్యామ్ దరిదాపులకు పోవద్దు, దాని కింద తిరిగే నీరు చిక్కిన మనిషిని వదలదు. ఒకే బండను ఎంచుకుని ఎడమ నుంచి 20 సార్లు, కుడి నుంచి 20 సార్లు ఎడ్డీలోకి వెళ్లి బయటికి రండి. ఆ తర్వాత ఒక్క చేత్తోనే తెడ్డు ఆడిస్తూ 5 నిమిషాలు బండ వెనకే ఉండండి, ఎందుకంటే రెండో చేతిలో రాడ్డు ఉండబోతోంది. ఇది కుదిరాకే ఐదో పాఠం తెరవండి.