జీబ్రాఫిష్ పిండం గుండె లెక్క తేడా కొడుతోందా?

జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండాన్ని మైక్రోస్కోప్ కింద వీడియో తీసి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో సాఫ్ట్‌వేర్‌తో లెక్కించే పని ఇది. అనంతపురంలో మేం ఈ పని మొదలుపెట్టిన కొత్తలో అంకె తేడాగా వస్తే ముందు సాఫ్ట్‌వేర్‌ను తిట్టేవాళ్లం. తీరా చూస్తే తప్పు ఎక్కువసార్లు దీపంలోనో, నీళ్లలోనో ఉండేది. అందుకే ఏ అంకె మీద అనుమానం వచ్చినా ముందు వీడియోను నెమ్మదిగా నడిపి, అసలు వీడియోలోని 15 సెకన్లలో ఎన్ని స్పందనలో కంటితో లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చించండి.

వేగం సరిగ్గా రెట్టింపు వస్తోంది

రెండు రోజుల పిండం గుండె మామూలుగా నిమిషానికి 120 నుంచి 180 సార్లు కొట్టుకుంటుంది. 300 వచ్చిందంటే, సాఫ్ట్‌వేర్ ఎక్కడ చూడాలో చెప్పడానికి వీడియో మీద మీరు గీసిన పెట్టెలో కర్ణిక (రక్తం వచ్చి చేరే గది), జఠరిక (రక్తాన్ని బయటికి తోసే గది) రెండూ పడ్డాయేమో చూడండి. ఒకటి ముడుచుకున్నాక ఇంకొకటి ముడుచుకుంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒక స్పందనను రెండుగా లెక్కేస్తుంది. పెట్టెను చిన్నది చేసి జఠరిక అంచు మీదే పెడితే సరిపోతుంది.

ఏ పిండం పెట్టినా 240

దీన్ని పట్టుకోవడానికి మాకు వారం పట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో నేరుగా నడిచే చవక ఎల్‌ఈడీ దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు. కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంటే నాలుగు 24లు 96 పోను మిగిలిన 4 మినుకులు వీడియోలో కనిపిస్తాయి. నిమిషానికి 240! పిండం లేకుండా ఖాళీ డిష్‌ను వీడియో తీయండి. అప్పుడూ గుండె కొట్టుకుంటోందంటే అది దీపం గుండె. దీపాన్ని బ్యాటరీ మీద నడపండి, లేదా సెకనుకు 50 ఫ్రేములు పెట్టండి.

పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె

మన ఎండాకాలంలో పెద్ద తలనొప్పి ఇదే. చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు వేడెక్కితే గుండె పరుగెడుతుంది, ఏసీ చల్లబరిస్తే మందగిస్తుంది. పిండాలను పెంచేది 28.5 డిగ్రీల దగ్గర. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే, మైక్రోస్కోప్ దీపం కింద ఉన్న ఆ కాసిన్ని నీళ్లు ఎంతసేపు అదే వేడిలో ఉంటాయి? గోడకున్న థర్మామీటర్‌ను నమ్మకండి. సన్నని ప్రోబ్‌ను డిష్‌లోనే పెట్టి, ప్రతి వీడియోకూ డిగ్రీలు రాసుకోండి. ఇంక్యుబేటర్ నుంచి నాలుగైదు పిండాలే బయటికి తీయండి. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా మందు ప్రభావం చూస్తుంటే మందు వేయని పిండాలన్నీ పొద్దున, వేసినవన్నీ మధ్యాహ్నం తీయొద్దు. ఒకటి అది, ఒకటి ఇది తీయండి. లేకపోతే మీరు కొలిచేది మందును కాదు, ఎండను.

అన్నీ నెమ్మదిగా కొట్టుకుంటున్నాయి

పిండం కదలకుండా ఇచ్చే మత్తు ఎక్కువైంది. ట్రైకేన్ అనే ఆ మత్తుమందు గుండెను మందగింపజేస్తుంది, పైగా దాని ద్రావణం ఆమ్లంగా ఉంటుంది. ఆమ్లతను సరిచేసే ట్రిస్‌తో పీహెచ్ 7కు తెచ్చి, 0.016 శాతం దాటకుండా, మత్తిచ్చాక అన్నిటికీ ఒకే వ్యవధిలో వీడియో తీయండి. మిథైల్ సెల్యులోజ్ అనే చిక్కని జిగురు ద్రవంలో పడుకోబెడితే మత్తు తక్కువ సరిపోతుంది.

ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఎగిరెగిరి పడుతోంది

జఠరిక నిండినప్పుడున్న రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి తోస్తుందో అదే ఎజెక్షన్ ఫ్రాక్షన్. జఠరికను కోడిగుడ్డు ఆకారం అనుకుని, పొడవును వెడల్పు వర్గంతో హెచ్చించి పరిమాణం కడతాం. వెడల్పులో చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. ఉదాహరణకు నిండినప్పుడు పొడవు 100, వెడల్పు 60 మైక్రాన్లు, ముడుచుకున్నప్పుడు 80, 45 అయితే ఫలితం 55 శాతం. ఆ 45ను 50గా చదివితే 44కు పడిపోతుంది! సెకనుకు 30 ఫ్రేముల వీడియో వేగం లెక్కకు చాలు గానీ, పూర్తిగా ముడుచుకున్న క్షణం రెండు ఫ్రేముల మధ్య జారిపోతుంది. దీనికి 100 ఫ్రేములైనా కావాలి. అప్పుడు కూడా దీపాన్ని బ్యాటరీ మీద నడపడమే మేలు. పిండాలన్నిటినీ ఒకే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

అంచు దొరకట్లేదు

నల్ల మచ్చలు అడ్డొస్తున్నాయి. 24 గంటలు నిండకముందే నల్ల రంగు ఏర్పడకుండా ఆపే పీటీయూ అనే రసాయనాన్ని 0.003 శాతం వేయండి, పరీక్షించే మందు వేయని పిండాలకు కూడా. అసలు 24 గంటల పిండాన్నే పెట్టి ఏమీ రావట్లేదంటే సాఫ్ట్‌వేర్‌ను ఏమీ అనకండి, ఆ గుండె అప్పుడప్పుడే మొదలవుతోంది.