సైట్‌లో ఉంది, కానీ దొరకడం లేదు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

"అది మన సైట్‌లోనే ఉంది, చూసుకోవచ్చు కదా" అని విసుక్కునే ముందు ఒక పని చేయండి. ఈ నెలలో ఫోన్‌లో, మెయిల్‌లో వచ్చిన ప్రశ్నలు ముందేసుకుని, వాటిలో సైట్‌లో ఇప్పటికే జవాబు ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. అసలు జబ్బు ఆ జాబితాలోనే కనిపిస్తుంది. అది చూడకుండా చాలామంది డిజైన్ మార్చేద్దామని బయలుదేరతారు. రంగులు మారతాయి, ఫోన్లు మాత్రం అలాగే మోగుతుంటాయి.

పేజీ ఉంది, అయినా ఫోన్ చేసి అడుగుతున్నారు

ఎక్కువసార్లు కారణం పేరు. ఒకసారి ఒక శిక్షణ సంస్థ సైట్ సర్దే పని నా మీద పడింది. ఫీజు వివరాల పేజీ "విద్యా విభాగం" కింద, "నియమావళి" లోపల ఉంది. ఫీజు నిర్ణయించేది ఆ విభాగమే కాబట్టి వాళ్ల లెక్కలో అది ఉండాల్సిన చోటే ఉంది. కానీ కోర్సులో చేరాలనుకునే మనిషికి ఆఫీసులో ఎవరు ఏం చూస్తారో ఎందుకు తెలియాలి? "అడ్మిషన్లు" నొక్కుతాడు, కనబడదు, ఫోన్ తీస్తాడు. ఆ పేజీని "అడ్మిషన్లు" కిందకు తెచ్చి "ఫీజు ఎంత, ఎప్పుడు కట్టాలి" అని పేరు పెట్టాం. లోపలి మాటల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ ప్రశ్న దాదాపు ఆగిపోయింది.

1990లలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్ (PARC)లో పనిచేసిన పీటర్ పిరోలి, స్టువర్ట్ కార్డ్ మనుషులు సమాచారం వెతికే తీరును జంతువులు మేత వెతుక్కునే తీరుతో పోల్చారు. వాసన తగిలినంతసేపు అటే వెళ్తాం, తగలకపోతే దారి మార్చేస్తాం. లింకు పేరే ఆ వాసన. "వనరులు", "సమాచారం", "మరిన్ని" అనే పేర్లకు ఏ వాసనా ఉండదు.

కొత్త పేర్లు సరిపోయాయో లేదో తేల్చడానికి సైట్ కూడా అక్కర్లేదు. మెనూ పేర్లు మాత్రం కాగితం మీద రాసి, సైట్ తెలియని నలుగురైదుగురికి ఇచ్చి "ఇది ఎక్కడ వెతుకుతారు?" అని అడగండి. ఒక జాగ్రత్త: మెనూలో ఉన్న మాట మీ ప్రశ్నలో రాకూడదు. "ఫీజు ఎక్కడ చూస్తారు?" అంటే ఆ మాట ఉన్న వరుస మీద వేలు పెడతారు, అంతే. "ఈ కోర్సుకు ఎంత ఖర్చవుతుందో ఎలా తెలుసుకుంటారు?" అని అడగండి. వేలు ఎక్కడ తచ్చాడిందో చూడండి, మధ్యలో సాయం చేయకండి. అది చాలా కష్టం, నోరు ఊరుకోదు.

సెర్చ్ చేస్తే "ఫలితాలు లేవు" అని వస్తోంది

సైట్ లోపలి సెర్చ్‌లో జనం ఏం టైప్ చేశారో నమోదయ్యే ఏర్పాటు ఉంటే, ముందు ఫలితం రాని మాటల జాబితా తీయండి. లేకపోతే ఈరోజే పెట్టించండి. తెలుగు సైట్లకు ఇక్కడ కారణాలు ఒకటి కాదు.

మొదటిది, మాట వేరు. పేజీలో "రుసుము", "దరఖాస్తు" అని రాస్తాం, వెతికేవాళ్లు "ఫీజు", "అప్లికేషన్" అంటారు. రెండు మాటలూ పేజీలో ఉండాలి. లేదా సెర్చ్‌లో వాటిని పర్యాయపదాలుగా కలపాలి.

రెండోది, వర్ణక్రమం. "ధ్రువీకరణ" సరైన రూపమే, కానీ "ధృవీకరణ" అని టైప్ చేసేవాళ్లు బోలెడంతమంది. వాళ్లకు పాఠం చెప్పే చోటు సెర్చ్ బాక్స్ కాదు, రెండింటికీ ఒకే పేజీ చూపించండి. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి.

మూడోది కంటికి కనబడనిది. "సాఫ్ట్‌వేర్" అని విడిగా కనబడాలంటే పొల్లు పక్కన జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరం ఉండాలి. అది లేకుండా కొడితే "సాఫ్ట్వేర్" అని వత్తు పడుతుంది. మనకు రెండూ ఒకే మాట, సాదాసీదా సెర్చ్‌కు మాత్రం వేర్వేరు. పేజీలను సూచికలోకి ఎక్కించేటప్పుడూ, వెతికే మాటలోంచీ ఆ అక్షరాన్ని తీసేయమని డెవలపర్‌కు చెప్పండి. చిన్న పనే.

ఇక స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌లు, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాని పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లు. మొదటిది బొమ్మ. రెండోది తెలుగులా కనిపిస్తుంది కానీ కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అంటే సెర్చ్‌కు కనిపించేది కూడా అదే. ముఖ్యమైన వాటినైనా యూనికోడ్‌లో మామూలు పేజీగా పెట్టండి.

మెనూలో ఏది నొక్కాలో తేల్చుకోలేకపోతున్నారు

రెండు విభాగాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయన్నమాట. "ఇతరములు" అనే అర ఉబ్బిపోతుంటే అది ఇంకో గుర్తు. పేజీల పేర్లు ఒక్కో చీటీ మీద రాసి, వాడేవాళ్లకే ఇచ్చి, గుంపులుగా పేర్చమనండి. దీన్నే కార్డ్ సార్టింగ్ అంటారు. 15 మందితో చేస్తే సరిపోతుందని వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధించిన యాకబ్ నీల్సన్ చెప్పిన లెక్క. నలుగురే దొరికితే నలుగురితోనే చేయండి, ఆఫీసు వాళ్లతో మాత్రం వద్దు.

మీటింగ్‌లో ఎవరో ఒకరు "మెనూలో ఏడుకు మించకూడదు" అంటారు. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఏడు అంకె గురించి రాసింది మనసులో ఒకేసారి ఎన్ని నిలుస్తాయన్న విషయం మీద. మెనూ కళ్లెదుటే ఉంటుంది, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. "మూడు క్లిక్కుల్లో దొరకాలి" అన్నదీ అంతే. 2003లో వెబ్ డిజైన్ పరిశోధకుడు జాషువా పోర్టర్ పరిశీలిస్తే క్లిక్కుల సంఖ్యకూ పని పూర్తవడానికీ సంబంధం కనబడలేదు. ప్రతి క్లిక్కు దగ్గరా సరైన దారిలోనే ఉన్నామన్న ధీమా ఉంటే జనం ఐదోది కూడా నొక్కుతారు.

వందల కొద్దీ పేజీలుంటే కొమ్మలు కొమ్మలుగా విడిపోయే ఒక్క మెనూ చెట్టులో ఇమడ్చడం కుదరదు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ ఈ చిక్కునే విప్పింది: ఒక విషయాన్ని ఒకే అరలో కుక్కకుండా, దాని వేర్వేరు ముఖాలను విడివిడిగా గుర్తించడం. షాపింగ్ సైట్లలో ధర, సైజు, రంగు అని కనిపించే ఫిల్టర్ల వెనక ఉన్న ఆలోచన అలాంటిదే. మీ పేజీలకూ విషయం, ఎవరి కోసం, ఏ ఏడాది అని మూడు ట్యాగులు పెట్టి చూడండి.

పేజీ దాకా వచ్చి వెనక్కి పోతున్నారు

జవాబు మూడో స్క్రీన్ కింద ఉంది. స్వాగత వాక్యాలు తీసేసి దాన్ని పైకి తెండి.

గూగుల్ నుంచి పాత పేజీకి చేరుతున్నారు

ఒకే విషయం మీద గత ఏడాదిదీ ఈ ఏడాదిదీ రెండూ బతికే ఉన్నాయి. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో ఆ మాటకు ఏ పేజీ చూపిస్తోందో చూడండి. పాతదాన్ని డిలీట్ చేస్తే వచ్చినవాళ్లకు 404 ("పేజీ దొరకలేదు") ఎదురవుతుంది, దాని బదులు పాత చిరునామాను శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్‌తో కొత్తదానికి పంపండి. రికార్డు కోసం పాతది ఉంచాల్సి వస్తే, పైన పెద్ద అక్షరాలతో "ఇది పాతది" అని రాసి కొత్తదాని లింకు ఇవ్వండి. వచ్చే ఏడాది నుంచి ఆ పేజీ చిరునామాలో సంవత్సరం పెట్టకండి, అదే చిరునామాలో లోపలి వివరాలు మారుస్తూ పోవచ్చు. ఎవరు మార్చాలో మాత్రం ఇప్పుడే ఒకరి పేరు రాసుకోండి. "టీమ్ చూసుకుంటుంది" అని రాస్తే ఎవరూ చూడరు.