నెలసరి ముందు బాధలకు డైరీ ఎలా రాయాలి?

నెలసరికి ముందు చిరాకు, కడుపుబ్బరం, రొమ్ముల్లో సలుపు, కారణం లేకుండా ఏడుపు, నిద్ర పట్టకపోవడం. వీటిలో ఏదో ఒకటి చాలామంది ఆడవాళ్లకు ఉండేదే. ఇంటిపనికీ ఉద్యోగానికీ చదువుకీ అడ్డుపడేంత బాధ నూటికి 20, 30 మందికి ఉంటుంది. పీఎంఎస్ అనేది దాన్నే. నూటికి 3 నుంచి 8 మందిలో అది మరీ తీవ్రంగా ఉంటుంది, దాని పేరు పీఎండీడీ. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. గుంటూరు కొత్తపేటలో నేను నర్సుగా పనిచేసే క్లినిక్‌కి ఎంతోమంది హార్మోన్ల రిపోర్టు పట్టుకుని వస్తారు. అన్నీ నార్మల్ అని ఉండేసరికి "అంతా నా భ్రమేనా అమ్మా?" అని అడుగుతారు. భ్రమ కాదు. పీఎంఎస్‌లో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, వాటి హెచ్చుతగ్గులకు మెదడు స్పందించే తీరులోనే తేడా. ఆ తేడాను పట్టించేది వరసగా రెండు నెలసరుల పాటు రోజూ రాసిన డైరీ.

చిన్న నోటుబుక్కు, పెన్ను చాలు. పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మాత్రం వద్దు. మామగారు చూస్తారనో పిల్లలు అడుగుతారనో మూడో రోజుకే రాయడం ఆగిపోతుంది. ఫోన్ యాప్ కూడా వద్దు, అది "ఇంకో 4 రోజుల్లో మీ పీరియడ్" అని ముందే చెప్పేస్తుంది, మార్కులు కూడా దానికి తగ్గట్టే పడిపోతాయి.

మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే 5 లక్షణాలు ఎంచుకోండి. వాటిలో మనసుకు సంబంధించినవి, ఒంటికి సంబంధించినవి రెండూ ఉండాలి. రోజుకో వరస గీసి, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కు వేయండి. 1 అంటే అసలు లేదు, 6 అంటే భరించలేనంత. 5 దాకా పెట్టుకుంటే అందరూ మధ్యలో ఉన్న 3 వేసి ఊరుకుంటారు. 6 దాకా పెడితే సరిగ్గా మధ్య అంకె ఉండదు, ఆలోచించి వేయాల్సిందే. రక్తస్రావం మొదలైన రోజును మొదటి రోజుగా గుర్తు పెట్టుకోండి.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. పాడుచేసేది రాసే వేళ దగ్గరే. ఏ రోజు మార్కు ఆ రోజు రాత్రి పడుకునే ముందే వేయాలి. వారానికోసారి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన డైరీని నేను పక్కన పెట్టేస్తాను. డేట్ వచ్చిన రోజు నొప్పితో ఉన్న మనిషికి గడిచిన వారమంతా నరకంలాగే కనిపిస్తుంది, అందుకే అన్నీ 5లూ 6లే పడతాయి. ఒక రాత్రి మర్చిపోతే ఆ వరస ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపవద్దు.

దీనికన్నా పెద్ద పొరపాటు బాగున్న రోజులు రాయకపోవడం. "ఆ రోజుల్లో ఏమీ లేదు కదా, రాయడానికేముంది?" అంటారు. మాకు కావలసింది సరిగ్గా అవే. నెలసరి మొదలైన 4 రోజుల్లోపు బాధ తగ్గి, కనీసం 13వ రోజు దాకా మళ్లీ రాకపోతేనే పీఎంఎస్ అనుకోగలం. ఆ మధ్య రోజుల్లోనూ 4లు, 5లు ఉంటే డిప్రెషనో, థైరాయిడో, రక్తహీనతో ఉండి, డేట్ ముందు ఎక్కువవుతుండవచ్చు. అప్పుడు వైద్యమే వేరు. ఇంట్లో పోరు కూడా ఇక్కడే బయటపడుతుంది. కోడలు గట్టిగా మాట్లాడితే చాలు, "డేట్ దగ్గరపడిందిలే" అని తీసిపారేసే ఇళ్లు నాకు తెలుసు. బాగున్న వారంలోనూ అదే విషయం మీద అదే కోపం ఉందంటే, సర్దుకోవలసింది ఆ ఇల్లు.

మార్కుల పక్కన చిన్న మాట రాయండి: నైట్ డ్యూటీ, కార్తీక సోమవారం ఉపవాసం, పిల్లాడికి జ్వరం. మే నెల ఎండలకు విజయవాడలోనూ ఇక్కడా నీరసపడని మనిషి ఉండరు, దాన్ని పీఎంఎస్ ఖాతాలో వేయకూడదు. పెళ్లికనో వ్రతానికనో డేట్ వాయిదా మాత్రలు వేసుకున్న నెల లెక్కలోకి రాదు. మళ్లీ మొదలుపెట్టండి.

రెండు నెలసరులయ్యాక, డేట్‌కి ముందు 5 రోజుల మార్కులు ఒకవైపు, 5 నుంచి 12వ రోజు దాకా మార్కులు మరోవైపు పెట్టి చూడండి. రెండు నెలల్లోనూ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ పుస్తకం గైనకాలజిస్టు చేతికివ్వండి. వ్యాయామం, కాల్షియం, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు, తీవ్రంగా ఉంటే మెదడులో ఉండే సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు, ఏది మీకు పనికొస్తుందో వారు చెబుతారు. ఆ చివరి రకం మందులు కొందరికి నెలసరికి ముందు రెండు వారాలే ఇస్తారు. "పిచ్చి మందులు" అని భయపడి మధ్యలో మానేయకండి.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం డైరీ పూర్తయ్యేదాకా ఆగవద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

వైద్యం మొదలయ్యాక కూడా ఇంకో రెండు నెలసరులు రాయండి. మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు చూపించడానికి ఆ మార్కులే కావాలి.