దివంగతులైన గురువుగారి స్మృతిని నిలబెట్టుకోవడం ఎలా?

పరిశోధనకు దారి చూపిన గురువుగారు పోయినప్పుడు శిష్యులకు మొదట తోచేది సంతాప సభ. దానికి ఒక పూట చాలు. ఆలస్యం చేస్తే దక్కనివి వారి కాగితాలు.

పెద్దకర్మ పూర్తయ్యేవరకు ఆగండి. ఆ తరువాత గురుపత్ని అయిన అమ్మగారి అనుమతితో, ఇంటివారిలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకొని బీరువా తెరవండి. ఏదీ కదపకముందే ప్రతి అరనూ ఫోటో తీయండి, ఎందుకంటే ఏ కాగితం పక్కన ఏది ఉన్నదో అదే కొన్నిసార్లు తేదీ లేని వ్యాసం కాలాన్ని పట్టిస్తుంది. సొంత ఉత్తరాలు చదవకుండా కట్టకట్టి ఇంటివారికే అప్పగించండి.

మా కోనసీమలో కాగితానికి చెద ఒక శత్రువైతే, తేమ అంతకన్నా పెద్ద శత్రువు. గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాలలో వరద సంగతి చెప్పనక్కరలేదు. తడిసిన కాగితానికి రెండు రోజుల్లోనే బూజు పట్టవచ్చు కనుక వెంటనే ఆరబెట్టాలి, అయితే ఎండలో కాదు: ఎండకు సిరా వెలిసి కాగితం వంకరలు పోతుంది కాబట్టి నీడలో, ఫ్యాను గాలికి, ఒక్కొక్క పేజీగా పరచాలి. ఆరాక అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో, అంచుల దాకా స్కాన్ చేయించండి. అంచులు ఎందుకంటే, మా మాస్టారు చెప్పదలచినదంతా అక్కడే రాసేవారు. నా చిత్తుప్రతి ఒకదానిలో ఇరవై పేజీల పక్కన ఎర్ర సిరాతో ఉన్నది ఒకే మాట, ‘ఆధారం?’ అని. స్కాన్ ప్రతి ఒకటి ఊళ్లో ఉంటే, రెండవది వరద అందని చోట ఉండాలి.

పుస్తకాలను రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోటికి ఇవ్వదలిస్తే, ముందుగా జాబితా పంపి, వారు కోరినవే ఇవ్వండి. గురువుగారి పర్యవేక్షణలో వచ్చిన సిద్ధాంత వ్యాసాలు, భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో ఉన్నాయో లేదో చూసి, లేనివాటి గురించి విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని అడగండి.

స్మారక సంచికకు రాసేవారికి నియమం ఒక్కటే: విశేషణాలు వద్దు, ఒక సంఘటన చాలు. ‘సౌమ్యులు, నిరాడంబరులు’ అని పదిమంది రాస్తే అది ఏ మాస్టారి గురించో తెలియదు. ఆయనతో వాదించి విడిపోయిన శిష్యుణ్ణీ అడగండి. బహుశా మంచి వ్యాసం అతనిదే అవుతుంది.

ఇక సభను సంవత్సరీకం నాటికి పెట్టుకోండి. ఉపన్యాసాలు తగ్గించి, వారు అసంపూర్ణంగా వదిలిన వ్యాసాన్ని ఉన్నంతవరకు చదివించి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చర్చ మొదలుపెట్టండి.