మియాటాలో గ్యాస్ ముల్లు అబద్ధం చెప్తోందా, కారు నిజంగానే ఎక్కువ తాగుతోందా?

పాత మాజ్దా మియాటా, అంటే 1989-97 మధ్య వచ్చిన మొదటి తరం ఎన్ఏ గురించి రాస్తున్నా, దాని తర్వాతి తరం ఎన్బీకి కూడా చాలావరకు పనికొస్తుంది. గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే. నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే పాట, "అన్నా ముల్లు తేడాగా చూపిస్తోంది, సెండర్ ఆర్డర్ పెట్టేశా, ఎలా మార్చాలి?" అని. సెండర్ అంటే ట్యాంక్‌లో గ్యాస్ ఎంతుందో కొలిచి ముల్లుకి చెప్పే భాగం. ఆర్డర్ పెట్టేశాక అడుగుతారు చూశారా, అక్కడే కాలుతుంది నాకు.

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అది చెయ్యండి. ఫుల్ ట్యాంక్ కొట్టించి, నాజిల్ మొదటిసారి టక్కుమనగానే ఆపేసి, ట్రిప్ మీటర్ సున్నా చేసి మామూలుగా తిరగండి. 150 మైళ్లు దాటాక అదే గ్యాస్ స్టేషన్‌లో అదే పంప్ దగ్గర మళ్లీ మొదటి టక్కు దాకా నింపండి. 172 మైళ్లకి 6.4 గ్యాలన్లు పట్టిందనుకోండి, అంటే గ్యాలన్‌కి దాదాపు 27 మైళ్లు, కారుకి ఏ రోగమూ లేదు. 1.6 లీటర్ ఇంజిన్ కారుకి ట్యాంక్ 45 లీటర్లు, అంటే 11.9 గ్యాలన్లు. 1994 నుంచి వచ్చిన 1.8కి 48 లీటర్లు, 12.7 గ్యాలన్లు. కాబట్టి ఈ లెక్కలో 1.6 కారుకి నింపే ముందు లోపల ఇంకో 5.5 గ్యాలన్లు ఉండాలి, ముల్లు సగానికి కాస్త కిందుండాలి. పైసగం నెమ్మదిగా, కిందిసగం గబగబా దిగినట్టు అనిపిస్తే దాన్ని వదిలెయ్యండి. కానీ అంత గ్యాస్ ఉండగా ముల్లు ఎంప్టీ మీద పడుకుంటే మాత్రం తప్పు ముల్లుదే.

మైలేజీ లెక్కలోనే పడిపోయింది

అయితే గేజ్ జోలికి పోకండి, అది నిజమే చెప్తోంది. వెనక బ్రేక్ కాలిపర్లు చూడండి, హ్యాండ్ బ్రేక్ మెకానిజం వాటిలోనే ఉంటుంది కాబట్టి పట్టేసుకోవడం వీటికి అలవాటే. జాక్ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ వేడెక్కక గ్యాస్ ఎక్కువ తాగుతుంది. టైర్లలో గాలి చూడండి, స్టిక్కర్ మీద 26 పీఎస్ఐ అనే ఉంటుంది, బరువు తక్కువ కారు, మరీ తక్కువేమో అని కంగారు పడక్కర్లేదు. టైర్ సైజు మార్చారా? ఒరిజినల్ 185/60ఆర్14 బదులు 195/50ఆర్15 వేస్తే తేడా ఏమీ రాదు, 205/50ఆర్15 వేస్తే మాత్రం ఓడోమీటర్ ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది, మైలేజీ పడిపోయిందని ఊరికే భయపడతారు.

ముల్లు పావు దగ్గర ఉండగానే కారు ఆగిపోయింది

నన్ను దెబ్బకొట్టింది ఇదే. పంప్ పాడైతే నేనే మార్చా, ముల్లు ఫుల్ నుంచి చక్కగా దిగుతూ వచ్చింది, మూడు వారాలు హాయిగా తిరిగా, ఓ ఆదివారం హైవే మీద పావు ట్యాంక్ చూపిస్తుండగానే బండి దగ్గి ఆగిపోయింది. పావు ఉంది కదా, గ్యాస్ అయిపోవడమేంటని ఇగ్నిషన్ కాయిల్ దగ్గర నుంచి మొదలుపెట్టి గంట సేపు అన్నీ కెలికా. చివరికి మా బావమరిది డబ్బాతో గ్యాస్ తెచ్చి పోస్తే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, ఇప్పటికీ ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా అదే కథ చెప్తాడు.

సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే స్క్రూలతో ఒక మూత ఉంటుంది, దాని కిందే పంప్, సెండర్ రెండూ కలిసిన అసెంబ్లీ. కనెక్టర్ పీకి కారు వైపు సెండర్ వైరుని ఎర్త్‌కి కలిపితే ముల్లు ఫుల్‌కి పోవాలి, వదిలేస్తే ఎంప్టీకి రావాలి, ముల్లు బద్ధకంగా కదుల్తుంది కాబట్టి కాస్త ఆగి చూడండి. నాది ఈ పరీక్ష పాసైంది. అసెంబ్లీ బయటికి తీసి ఫ్లోట్ కాడని, అంటే గ్యాస్ మీద తేలే బెండు ఉన్న కాడని, చేత్తో పైకీ కిందికీ ఆడిస్తే మల్టీమీటర్‌లో ఓమ్స్ (రెసిస్టెన్స్ అంకె) ఎక్కడా తెగకుండా మారాయి, అదీ పాసే. మళ్లీ పెట్టేశా, మళ్లీ పావు దగ్గరే ఆగింది!

అసలు దొంగ పంప్ కింద ఉండే ఫిల్టర్ సంచి. కొత్త పంప్‌తో వచ్చినదాన్ని నేను కాస్త పక్కకి తిప్పి నొక్కేశా. బయట గాల్లో వేలాడుతున్నప్పుడు అది కాడకి తగల్దు, ట్యాంక్ లోపల అడుగుకి ఒత్తుకుని పక్కకి పరుచుకుంటుంది, అప్పుడు కాడ దిగుతూ దిగుతూ సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. పైన ముప్పావు భాగం బానే పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సరిచేయడం తేలికే. ట్యాంక్‌లో గ్యాస్ తక్కువున్నప్పుడు, గాలి ఆడే చోట, పంప్ రిలే తీసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి ప్రెషర్ దించి, బ్యాటరీ నెగెటివ్ విప్పి మొదలుపెట్టండి. పాత సంచి ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకుని కొత్తది అలాగే పెట్టండి. తర్వాత అసెంబ్లీని నిలువుగా పట్టుకుని అడుగుని టేబుల్‌కేసి గట్టిగా ఒత్తి, అలా ఒత్తే ఉంచి కాడని పూర్తిగా కిందికి దించి చూడండి, ఎక్కడా రాసుకోకూడదు. లోపల పెట్టాక స్క్రూలన్నీ బిగించి, సెండర్‌కి మల్టీమీటర్ తగిలించి ఒకరు వెనక బంపర్ పట్టుకుని కారు ఊపండి, గ్యాస్ అలలకి ఓమ్స్ అటూ ఇటూ ఊగాలి, అంకె కదలకుండా ఉంటే కాడ ఇరుక్కున్నట్టే. ఈ పరీక్ష పావు కంటే తక్కువ గ్యాస్ ఉన్నప్పుడే చెయ్యాలి, నేను సగం ట్యాంక్‌తో చేసి బాగుందనుకుని ఇంకోసారి కార్పెట్ ఎత్తాల్సొచ్చింది.

మిగతావి

ముల్లు ఒకే చోట ఎగిరెగిరి పడుతుంటే సెండర్ లోపల అరిగింది, కొత్తది కొనాల్సింది ఇప్పుడు. మీటర్ బోర్డులో గేజే పోవడం, ట్యాంక్ సొట్ట పడటం లాంటివి చాలా అరుదు, వాటితో మొదలుపెట్టకండి. ఆటోక్రాస్‌లో, అంటే కోన్ల మధ్య టైమ్ పెట్టి నడిపే పోటీలో, పొడుగు మలుపుల్లో ఇంజిన్ తడబడితే గ్యాస్ ఒక పక్కకి పోయి పంప్‌కి అందట్లేదు, అది గేజ్ సమస్యే కాదు, సగం ట్యాంక్ పైనే ఉంచుకుని వెళ్లండి.