బకెట్లో చచ్చిపోతున్న కాడిస్‌ఫ్లైలు: నా అనుభవం

కడప దగ్గరి లంకమల కొండల వంకల్లో నీళ్లలోని రాయి తిప్పితే, కింద ఇసుక రేణువులతో కట్టిన చిన్న గొట్టం కనిపిస్తుంది. బియ్యపు గింజంత ఉంటుంది. అది కాడిస్‌ఫ్లై (చిమ్మటలా ఉండే రెక్కల పురుగు) పిల్లపురుగు ఇల్లు. నోటి నుంచి తీసే పట్టుదారంతో ఒక్కో రేణువునూ పక్కపక్కన అతికించుకుంటుంది. భూతద్దంలో చూస్తే కళ్లు తిప్పుకోలేం.

చిక్కేమిటంటే, పిల్లపురుగును చూసి జాతి పేరు చెప్పడం చాలాసార్లు కుదరదు. రెక్కలొచ్చిన మగదాని పొట్ట చివరి భాగాలు చూడాలి. అందుకని కడపకు తెచ్చి బకెట్లో పెంచబోయాను. రెండు రోజులకే అన్నీ చచ్చిపోయాయి. మూడుసార్లు ఇదే జరిగింది. వాటిలో అరుదైనది ఉండి ఉంటే? ఆ బాధ చాలా రోజులు వదల్లేదు.

పారే చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ. మా ఎండకు బకెట్ నీళ్లు వేడెక్కి అది తగ్గిపోతుంది. చేపల తొట్టికి వాడే గాలి పంపు పెట్టాక కొన్ని బతికాయి.

కానీ అసలు దారి చూపినవి రాళ్లకు అతుక్కున్న గూళ్లు. ప్యూపా (రెక్కల పురుగుగా మారే మధ్య దశ) అయ్యే ముందు పురుగు గూడును రాయికి అతికించి రెండు చివరలా మూసుకుంటుంది. ముదిరిన ప్యూపా లోపల పెద్దపురుగు భాగాలు తయారై ఉంటాయి. చాలా వాటిలో, విడిచేసిన పిల్లపురుగు తలపెంకు కూడా గూడు వెనక కొసన ఉండిపోతుంది. ఒకే గూట్లో రెండు రూపాలు! ఇంక పెంచే పనే లేదు.

ఇప్పుడు అటవీశాఖ అనుమతితో వెళ్లి మూసిన గూళ్లు రెండు మూడే తెస్తాను. 80 శాతం ఆల్కహాల్‌లో వేసి, పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే పెడతాను. పెన్ను సిరా కరిగిపోతుంది. మగదాని పొట్ట చివరను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా నానబెడితే, కండ కరిగి భాగాలు తేటగా కనబడతాయి.