మిస్టరీ షాపింగ్ ప్రోగ్రాం మూతపడకముందే పట్టుకోవడం ఎలా

"బడ్జెట్ తగ్గించడం వల్ల వచ్చే నెల నుంచి మిస్టరీ విజిట్లు ఆపేస్తున్నాం." ఈ మెయిల్ నాకు కొత్త కాదు. మిస్టరీ షాపింగ్ అంటే మామూలు కస్టమర్‌లా ఒక మనిషిని బ్రాంచికి పంపి, అక్కడ స్టాఫ్ ఎలా నడుచుకున్నారో రిపోర్టు రాయించుకోవడం. అలా వెళ్లే మనిషే షాపర్. ముందు నాలుగేళ్లు నేనూ షాపర్‌గా తిరిగాను. తర్వాత షాపర్లు పంపే రిపోర్టులు సరిచూసే ఎడిటర్‌గా కూర్చున్నాను. ఇప్పుడు కంపెనీల కోసం షాపర్లని పంపే ఏజెన్సీ తరఫున ప్రోగ్రాంలు నడుపుతున్నాను. మెయిల్‌లో రాసిన కారణం అబద్ధమని అనను. కానీ ఆ మెయిల్ వచ్చేసరికి ప్రోగ్రాం ప్రాణం పోయి చాలా నెలలై ఉంటుంది. మీ కంపెనీలో ఇలాంటిది నడుస్తుంటే, ఎక్కడ కుంటుతోందో తెలుసుకోవడానికి నేను ఏమేం చూస్తానో చెబుతాను.

ముందు, రిపోర్టులు ఎవరు తెరుస్తున్నారో చూడండి. స్కోర్ల జోలికి అప్పుడే వెళ్లొద్దు. ఏజెన్సీని అడిగితే పోర్టల్‌లోకి ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో లిస్టు ఇస్తారు. ఒక క్లయింటుకి ఆ లిస్టు నేనే తీసిచ్చాను. బ్రాంచి మేనేజర్లలో సగానికి పైగా మూడు నెలలుగా ఒక్క రిపోర్టూ తెరవలేదు. తెరిచినవాళ్లు మొదటి పేజీలో స్కోరు చూసుకుని మూసేశారు. షాపర్ లోపల అరగంట తిరిగి, బయటికి రాగానే మర్చిపోకుండా మెట్ల మీదే కూర్చుని ఫోన్లో రాసుకున్నదంతా రెండో పేజీలోనే పడి ఉంది.

నా లెక్కలో ప్రోగ్రాంలు ఆగిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. విజిట్ చేయించడానికి మనుషులున్నారు, రిపోర్టు అందాక పని చేయడానికి ఎవరూ లేరు. మార్కెటింగ్ వాళ్లు మొదలుపెడతారు, మార్చాల్సింది ఆపరేషన్స్ వాళ్లు. మొదలుపెట్టినాయన వేరే చోటికి మారిపోతాడు. కొత్తగా వచ్చినాయనకి ప్రతి నెలా కనిపించేది బిల్లు ఒక్కటే. ఆయన స్థానంలో నేనున్నా ఆపేసేదాన్ని.

అందుకని ఆపరేషన్స్‌లో ఒక మనిషి పేరు మీద దీన్ని పెట్టండి. కమిటీ వద్దు. విజిట్ అయిన రెండు మూడు రోజుల్లో రిపోర్టు మేనేజర్‌కి చేరాలి. నెల తర్వాత చేరితే ఆ రోజు కౌంటర్లో ఎవరున్నారో కూడా గుర్తుండదు. మేనేజర్ ఆ వారంలోనే స్టాఫ్‌తో పది నిమిషాలు కూర్చుని, రిపోర్టులో ఒక్క విషయం మీద మాట్లాడి, ఏం మారుస్తున్నారో ఒక వాక్యం రాసి పంపాలి. ఆ వాక్యాలు ఆరు నెలలు పోగైతే, బడ్జెట్ మీటింగులో ప్రోగ్రాంని అవే కాపాడతాయి. స్కోరు గ్రాఫు చూసి కరిగిపోయే ఫైనాన్స్ మనిషిని నేనింకా చూడలేదు.

తర్వాత ప్రశ్నల లిస్టు తీయండి. ప్రతి డిపార్ట్‌మెంటూ "మాదీ ఒకటి వేయండి" అంటూ కలిపితే ఇరవై ప్రశ్నలు అరవై అవుతాయి. అరవై ప్రశ్నలు తలలో పెట్టుకుని మామూలు కస్టమర్‌లా నటించడం ఎవరి వల్లా కాదు. సగం గుర్తుంటాయి, మిగతా సగం ఊహ. ప్రతి ప్రశ్న పక్కనా ఇలా రాసుకోండి: దీనికి "లేదు" అని వస్తే రేపు పొద్దున ఎవరు ఏం చేస్తారు? జవాబు లేని ప్రశ్నని కొట్టేయండి.

ఉన్నవి కూడా సరైనవేనా చూడాలి. షాపర్‌గా ఉన్న రోజుల్లో ఒక ప్రశ్న ఉండేది: "30 సెకన్లలో పలకరించారా?" నేను లోపలికెళ్లగానే కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ మీంచి తలెత్తకుండానే "స్వాగతం మేడం" అంది. ఏడు సెకన్లు. అవును అని టిక్ పెట్టాను, ఫుల్ మార్కులు. ఆ తర్వాత పది నిమిషాలు నావైపు చూసినవాళ్లే లేరు, దానికి ప్రశ్న లేదు. ఇలాంటి లిస్టుతో రెండేళ్లు నడిస్తే అన్ని బ్రాంచీలూ 97, 98 దగ్గర ఆగిపోతాయి. అంతా బాగున్నట్టే కదా, ఇంకా డబ్బులెందుకు అంటారు పైవాళ్లు. అందరూ దాటేసిన ప్రశ్నని తీసేసి, ఇంకా తడబడుతున్న చోట కొత్తది పెట్టండి. స్కోరు పడిపోతుందని కంగారు పడతారు. పడనివ్వండి.

ఇక ర్యాంకుల గొడవ. చాలామంది నెలకి బ్రాంచికి ఒక్క విజిట్ చేయించి, 1 నుంచి చివరి దాకా లిస్టు అతికిస్తారు. లెక్క వేసి చూడండి. ఒక బ్రాంచి వందలో 80 మంది కస్టమర్లతో సరిగ్గా నడుచుకుంటుందనుకుందాం. ఒక విజిట్లో ఫలితం పాసో ఫెయిలో, మధ్యలో ఏమీ లేదు. ఏడాదికి 12 విజిట్లు చేసినా, బ్రాంచిలో ఏమీ మారకుండానే, 7 పాసులు రావచ్చు, 12కి 12 కూడా రావచ్చు. వరసగా మూడు నెలలు పాసయ్యే అవకాశం దాదాపు సగమే. అంటే ఈ నెల మొదటి ర్యాంకు, వచ్చే నెల అట్టడుగు, కారణం అదృష్టం. మేనేజర్లకి ఈ లెక్క రాకపోవచ్చు గానీ, తాము ఏం చేసినా చేయకపోయినా స్కోరు ఊగుతోందని మాత్రం తెలుస్తుంది. అక్కడితో నమ్మకం పోతుంది. ఒక్కో విజిట్‌ని స్టాఫ్‌తో మాట్లాడుకోవడానికి ఒక సంఘటనలా వాడండి. అంకెలు కావాలంటే అన్ని బ్రాంచీలవీ కలిపి, మూడు నెలలకోసారి, ప్రశ్నవారీగా చూడండి.

ఆ స్కోరుకి బోనస్ ముడిపెడితే పని ఇంకా పాడవుతుంది. ఎడిటర్‌గా నా సగం రోజు, స్కోరు మార్చమని బ్రాంచీలు పెట్టే అప్పీళ్లకే పోయేది. "బ్యాడ్జి పెట్టుకునే ఉన్నాడు, సీసీటీవీ చూడండి" అని ఒక్క బ్యాడ్జి గురించి పదకొండు మెయిళ్లు నడిచాయి. కస్టమర్‌తో ఎలా మాట్లాడారన్న ఊసు వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. పైగా అందరి కళ్లూ షాపర్‌ని పసిగట్టడం మీదే ఉంటాయి. ఒకసారి నేను రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టించి, "నచ్చకపోతే వాపసు తీసుకుంటారా?" అని అడిగాను. సేల్స్ అబ్బాయి నవ్వి, "మీరు మూడో వారంలో వస్తారనుకున్నాం మేడం, ఈసారి ముందే వచ్చారు" అన్నాడు. తప్పు అతనిది కాదు. ప్రతి నెలా ఎవరో ఒకరు వచ్చి అదే ప్రశ్న అదే వరుసలో అడిగి, బ్యాడ్జి మీద పేరు చదివి, గడియారం చూసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. సినారియోలు, అంటే షాపర్ ఏ పని మీద వచ్చినట్టు నటించాలో ఆ కథలు, మూడు నాలుగైనా ఉంచండి, తేదీలు చెదరగొట్టండి, షాపర్లని మార్చండి.

స్టాఫ్‌కి ముందే చెప్పండి. ఏ రోజు, ఎవరు అని కాదు, ఇలాంటి విజిట్లు ఉంటాయని, ఏం చూస్తారని. మార్కెట్ రీసెర్చ్ చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఎసోమార్ మార్గదర్శకాలు కూడా అదే అంటాయి. ఈ పద్ధతి పుట్టిందే స్టాఫ్ డబ్బు నొక్కేస్తున్నారేమో పట్టుకోవడానికి. మిస్టరీ షాపింగ్ అనే పేరు 1940లలో వచ్చింది. ఆ పోలీసు వాసన ఇంకా పోలేదు, దాచిపెడితే మరింత కొడుతుంది.

"కస్టమర్ సర్వేలు ఉన్నాయిగా, ఇదెందుకు?" అని కూడా అడుగుతారు. 2003లో బిజినెస్ కన్సల్టెంట్ ఫ్రెడ్ రైక్‌హెల్డ్ నెట్ ప్రమోటర్ స్కోరు గురించి రాసినప్పటి నుంచీ, "మమ్మల్ని మీవాళ్లకి సిఫారసు చేస్తారా?" అని 0 నుంచి 10 దాకా ఒక్క అంకె అడగడం అలవాటైంది. అది చౌక, వేల మందిని అడగొచ్చు. కానీ కస్టమర్‌కి ఎలా అనిపించిందో చెప్పేది సర్వే. చెప్పాల్సిన షరతు సేల్స్ మనిషి చెప్పాడా లేదా అన్నది కస్టమర్‌కే తెలియదు, తెలియని దాన్ని సర్వేలో ఎలా రాస్తాడు? మీ ప్రశ్నలన్నీ సర్వేతో తేలిపోయేవే అయితే మాత్రం నిజంగానే ఆపేయండి. ఏజెన్సీ మనిషిని అయ్యుండీ చెబుతున్నాను.

ఆపేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఒప్పుకున్న విజిట్లు పూర్తి కానివ్వండి. చివరి మూడు నెలల్లో ఏ సమస్య తేలకుండా మిగిలిందో ఒక పేజీ రాసి ఆపరేషన్స్ చేతిలో పెట్టండి. ఎందుకు ఆపారో స్టాఫ్‌కి చెప్పండి, లేకపోతే షాపర్లు ఇంకా వస్తూనే ఉన్నారని ఏడాది పాటు అనుకుంటారు. షాపర్లకి రావలసిన బకాయిలు ముందు ఇప్పించండి. నేను చేసిన ఒక విజిట్‌కి డబ్బులు ఐదు నెలలకి వచ్చాయి, ప్రోగ్రాం ఆగిపోయిందన్న సంగతి ఆ డబ్బులతో పాటే తెలిసింది.